మౌంట్ వెర్నన్‌లో 2007లో కట్టిన గుడిసెను చరిత్ర అనొచ్చా?

పొటోమాక్ ఒడ్డు:
పోయిన శనివారం అమ్మానాన్నలను మౌంట్ వెర్నన్ తీసుకెళ్ళాను. వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డున జార్జ్ వాషింగ్టన్ ఇల్లు, పొలం. పెద్ద భవనం అసలుదే. కిందికి నది వైపు దిగితే కనిపించే బానిసల గుడిసె మాత్రం 2007లో కట్టింది. దాని దగ్గరున్న, గోధుమలు నూర్చే పదహారు గోడల కళ్ళపు కొట్టం 1996లో కట్టింది. పొలాల్లోని పాత గుడిసెల్లో ఒక్కటీ మిగల్లేదు.

మా ముందున్న కుటుంబం గుడిసెలోకి తొంగిచూసి, "బానే ఉందే" అని ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది. నాకు మనసొప్పలేదు. 1799లో ఇక్కడ 317 మంది బానిసలుండేవారు. మొక్కజొన్న పిండి, ఉప్పు చేప తిని బతికారు. వాళ్ళ ఇరుకు, పొగ, భయం ఈ శుభ్రమైన గదిలో ఎక్కడున్నాయి? లేనిదాన్ని లేనట్టే వదిలేసి ఖాళీ నేల చూపించడమే నిజాయితీ అని నా అభిప్రాయం. మీరేమంటారు?

కళ్ళం:
నేను ఒప్పుకోనండి. మా మామగారు బాపట్ల వైపు రైతు. ఆయనతో ఆ కొట్టం పైకి ఎక్కాం. పై అంతస్తులో గోధుమ పనలు పరిచి గుర్రాలను గుండ్రంగా తిప్పేవారు. నేల చెక్కల మధ్య ఒకటిన్నర అంగుళం సందులు. గింజలు వాటిలోంచి కింది అంతస్తులోకి రాలిపోతాయి, గడ్డి పైనే ఉండిపోతుంది. వానకు తడవదు, మట్టి కలవదు. మామగారు మోకాళ్ళ మీద కూర్చుని ఒక సందులో వేళ్ళు పెట్టి చూసి, "ఇది మన బంతి తోలడమే, పశువులతో తొక్కించి నూర్చడమే. కళ్ళానికి పైకప్పు వేశాడంతే" అన్నారు. వాషింగ్టన్ గీసిన ప్లాన్ కాగితం ఇప్పటికీ ఉంది. అది అద్దాల పెట్టెలో చూపిస్తే ఆయనకు ఈ మాట తట్టేదా?

కృష్ణ ఎగువ:
మన నాగార్జునకొండ గుర్తు తెచ్చుకోండి. డ్యామ్ నీళ్ళలో మునిగిపోయే కట్టడాల్లో కొన్నింటిని ఊడదీసి కొండ మీదా, దగ్గర్లో అనుపు అనే చోటా మళ్ళీ కట్టారు. అది ఆ చోటు కాదని తెలిసినా వెళ్ళి చూస్తున్నాం కదా.

పొటోమాక్ ఒడ్డు:
అనుపులో ఉన్నవి పాత రాళ్ళే, చోటు మాత్రమే మారింది. కొట్టానికి ప్లాన్ ఉంది, దాని విషయంలో మీ మామగారి మాట ఒప్పుకుంటాను. గుడిసెల్లో ఉన్నవాళ్ళు గీసిన ప్లాన్ ఏదీ మన చేతికి రాలేదు. అక్కడే నాకు ఇబ్బంది.

కళ్ళం:
ఎందుకు రాలేదో కూడా చూడాలి కదండీ. దొర ఇల్లు పాడుబడుతోందని మహిళల సంఘం ఒకటి చందాలు వసూలు చేసి, 1858లో 2 లక్షల డాలర్లకు ఆ ఇంటినీ 200 ఎకరాలనూ కొనడానికి ఒప్పందం చేసుకుంది. గుడిసెల కోసం అప్పుడెవరూ చందా వేయలేదు, అవి కూలిపోయాయి. ఇప్పుడు ఖాళీ నేల చూపిస్తే జనం దాన్ని దాటుకుంటూ భవనం ముందు క్యూలో నిలబడతారు. మా పిల్ల ఆ గుడిసె గుమ్మంలో ఆగి, "ఇందులో ఎంతమంది పడుకునేవాళ్ళు?" అని అడిగింది. ఖాళీ గడ్డిని చూసి అడగదు.

పొటోమాక్ ఒడ్డు:
పిల్ల అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఎదురు మాట లేదు. గుడిసె ఉండనివ్వండి. కానీ 2007లో కట్టిందని గుమ్మం పక్కన, దూరం నుంచే చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. లోపల చెప్పాల్సింది సామాన్ల గురించి కాదు, మనుషుల గురించి. మొగుడు ఒక పొలంలో, పెళ్ళాం పిల్లలు ఇంకో పొలంలో. ఆరు రోజుల పని అయ్యాక శనివారం రాత్రి నడిచి వెళ్ళి కలుసుకునేవారు. వాషింగ్టన్ వీలునామాతో 123 మందికి స్వేచ్ఛ వచ్చింది. ఆయన భార్య మార్తా మొదటి భర్త ఆస్తి కింద ఉన్న 153 మందికి రాలేదు. ఒకే ఇంట్లో ఒకరు విడుదలై, రెండోవారు బానిసగా మిగిలిపోయిన కుటుంబాలున్నాయి.

వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను. మీ మామగారు ఇంకా ఇక్కడే ఉంటే చెప్పండి, మా నాన్నను కూడా ఆయనతో కొట్టం ఎక్కిస్తాను.