చూడ చూడ: రెండో ‘చూడ’ కంటిదా, నాలుకదా?

టెక్కలి: వేమన ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ పద్యం రెండో పాదం నిన్నటి నుంచి నలుగుతోంది. అందరూ ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ అంటారు. నా నోటికి ‘చూడ నొకటె రుచుల జాడ వేరు’ అనే వస్తోంది. ‘నొకటె’ నగణం (మూడూ లఘువులే), ఛందస్సు చెడదు. ఈ పాఠం ఎవరికైనా తగిలిందా?

రాజాం: గణం కుదిరినంత మాత్రాన పాఠం అయిపోదు మాస్టారూ. ‘ఒక్క పోలిక’ అని మొదటి పాదంలోనే అన్నాక మళ్ళీ ‘ఒకటె’ ఎందుకు? వేమన అలా మాట వృథా చెయ్యడు. అసలు దిద్దుకోవాల్సింది పాదం చివర. ‘జాడ వేరయా’ అని పాడేస్తుంటారు. ఆటవెలది రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే, అంటే నగణమో గలమో (గురువు, లఘువు) ఉండాలి. ‘వేరు’ గలం, సరిపోయింది. ‘వేరయా’ రగణం (గురువు, లఘువు, గురువు), అక్కడ కూర్చోదు. మూడో పాదం చివరి ‘వేరయా’ నోటి అలవాటుగా పైకి పాకింది.

బొబ్బిలి: యతి కూడా చూడండి, పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి. చూ–జా అచ్చులు కలవవు కాబట్టి ఇక్కడున్నది ప్రాసయతి, రెండో అక్షరాలు కలవడం: చూడ–జాడ. అంటే మొదటి ‘చూడ’ కదలదు, తగువంతా రెండోదానిదే. నా లెక్కలో అది ఆమ్రేడితం (అదే మాట రెండుసార్లు) కాదు. మొదటిది కంటితో, రెండోది నాలుకతో. మనం రుచి చూస్తాం, వాసన చూస్తాం, చెయ్యి పట్టుకుని నాడి చూస్తాం. చెవికి మాత్రం ఆ చనువు లేదు. ‘విని చూడు’ అనాలి, ‘పాట చూడు’ అంటే వినమని కాదు.

నౌపడ: రెండూ కంటివేనండీ. ‘చూడగా చూడగా’ అని. మా ఉప్పు మడుల్లో తేలిన రాళ్ళుప్పులో తేటగా ఉన్న గడ్డ ఏరి భూతద్దం కింద పెట్టండి (లోపల ఉప్పునీరు చిక్కిన గడ్డ మసకగా ఉంటుంది, పనికిరాదు). చదరపు ముఖాలు, గాజులాంటి తేట. తెలుపు ఉప్పులో లేదు. నూరితే లెక్కలేనన్ని ముఖాలు పుడతాయి. గాలీ ఉప్పూ కలిసే ప్రతి ముఖం దగ్గరా వెలుగు చెదురుతుంది. అన్ని రంగులూ సమంగా చెదిరి వస్తే కంటిలోని మూడు రకాల శంకు కణాలూ కలిసి దాన్ని తెలుపని చెబుతాయి. కర్పూరం పొడీ అంతే.

పరీక్ష కావాలంటే నల్లటి పలక మీద చిటికెడు మెత్తటి ఉప్పు పలచగా పరిచి రెండు చుక్కల ఆముదం వెయ్యండి. వక్రీభవన గుణకం (వెలుగును వంచే కొలత) గాలికి 1.00, ఉప్పుకి 1.54, ఆముదానికి 1.48. తేడా తగ్గేసరికి తెలుపు దిగిపోయి పలక నలుపు పైకొస్తుంది. గాలిబుడగలు మిగిలిన చోట తెల్లమచ్చలు ఉండిపోతాయి, గాజుముక్కతో నొక్కండి. నీళ్ళు వద్దు, ఉప్పు కరుగుతుంది. కర్పూరంతో ఈ పరీక్ష చెల్లదు, అది నూనెలోనే కరుగుతుంది.

బొబ్బిలి: పరీక్ష బాగుంది. కానీ పద్యం చెప్పేది రుచుల జాడ, ముఖాల జాడ కాదు. రుచి అన్నారని హారతి కర్పూరం నోట్లో వేసుకోకండి. అది విషం, పిల్లలకు మూర్ఛ తెప్పిస్తుంది. వంటలోకి వాడేది పచ్చకర్పూరం, అదీ చిటికెలో కొసంత.

విజయనగరం: కన్ను సంగతి వస్తే మా గురజాడ దగ్గరికి రావాల్సిందే. 1910 నాటి ముత్యాల సరాలు: ‘కొయ్యబొమ్మలె మెచ్చు కళ్ళకు కోమలుల సౌరెక్కునా?’ ‘కనపడునా’ అనలేదు, ‘ఎక్కునా’ అన్నాడు. సౌరు (అందం) ఎదురుగా ఉంది, వెలుగు కంట్లో పడుతూనే ఉంది. కొయ్యబొమ్మకు అలవాటైన చూపు దాన్ని లోపలికి తీసుకోదు. వేమన కన్ను రెండు పొడుల్ని ఒకటిగా చూసి మోసపోయింది, గురజాడ కన్ను అలవాటు వల్ల మోసపోయింది. నాకైతే రెండోదే పెద్ద మోసం.

రాజాం: ‘ఎక్కు’ దగ్గర ఆగారు కాబట్టి ‘ఆను’ కూడా పట్టుకోండి. ‘కంటికి ఆనలేదు’ అంటాం. ఆనడమంటే తాకడం, ఆనుకోవడం. అక్కడ చూపు స్పర్శ అయింది, ‘రుచి చూడు’లో రుచి చూపయింది. బొబ్బిలి వారి వాదానికి ఇదే గట్టి సాక్ష్యం.

నౌపడ: సాక్ష్యం మాటకే గానీ ఈ పద్యానికి కాదు. ‘రాను రాను’, ‘పోను పోను’ లాగే ‘చూడ చూడ’.

టెక్కలి: ‘ఆను’, ‘ఎక్కు’ రాసుకున్నాను. నా ‘ఒకటె’ మాత్రం అలాగే ఉండిపోయింది. తాటాకు ప్రతుల పాఠభేదాలు చూసినవారుంటే చెప్పండి.