“కోతలు కోయడం” ఎక్కడ పుట్టింది?

మొన్న రాత్రి అమలాపురంలో టీ కొట్టు దగ్గర నాయకులు సొంత విషయాల్లో ఆడే అబద్ధాల మీదికి మాట మళ్లింది. 1998 జనవరిలో మోనికా లెవిన్‌స్కీ అనే అమ్మాయితో సంబంధమే లేదన్న అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్, ఆగస్టులో ఒప్పుకున్నాడు కదా. “ఏం కోతలు కోశాడ్రా!” అన్నాడు మావాడు. గొడవ అక్కడ మొదలైంది.

ఆ మాట వరికోతల నుంచే వచ్చిందంటాడు. సార్వా కోతలప్పుడు గట్టు మీద గొప్పలు చెప్పుకునేవారట. నాకు నమ్మకం లేదు. వరి అంతగా పండని చోట్లా ఇదే మాట వాడతారు. పైగా గొప్పలు పోవడాన్ని “నరకడం” అని కూడా అంటాం, వరినైతే ఎవరూ నరకరు!

రెండు నిఘంటువులు తిరగేశాను, అర్థం ఉంది గానీ పుట్టుక లేదు. మా తెలుగు మేష్టారు నవ్వేసి ఊరుకున్నారు.

అబద్ధం, గొప్పలు అనే అర్థంలో “కోతలు” వాడిన అన్నిటికన్నా పాత వాక్యం మీకెక్కడైనా కనిపించిందా?