పామున్న ఇంట్లో ఉన్నదెవరు? తిక్కన పద్యం, ఒక కౌబాయ్ సినిమా

పగయ కలిగెనేని పామున్న యింటిలో
నున్నయట్ల కాక యూఱడిల్లి
యుండు నెట్లు చిత్త మొకమాటు గావున
వలవ దధిక దీర్ఘవైరవృత్తి

ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయల్దేరే ముందు ధర్మరాజు ఆయనతో అనే మాట. పగంటూ పుట్టాక పామున్న ఇంట్లో కాపురమే, మనసు ఒక్కసారైనా కుదుటపడదు, కాబట్టి వైరాన్ని సాగదియ్యొద్దు అని. ఇంతవరకూ పేచీ లేదు. నా పేచీ పాముతోనే. అర్థం చెప్పేటప్పుడు పామంటే శత్రువు అని మామూలుగా అనేస్తుంటాం. పద్యంలో శత్రువు ఊసే లేదు, ఉన్నది పగ. ‘పగయ’లో చివరి అకారం అవధారణార్థకం, ‘పగే గనక’ అని నొక్కడం. ఎవరికి ఎవరి మీద అన్నది కవి తేల్చలేదు.

ఇది ఇప్పుడెందుకంటే, ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ (1965) మళ్ళీ చూశాను. సెర్జియో లియోనె అనే ఇటలీ దర్శకుడు స్పెయిన్‌లోని అల్మెరియా వైపు ఎక్కువగా తీసిన అమెరికా కథ. ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) చూసి పెరిగిన ఇళ్ళలో ఈ కౌబాయ్‌లేమీ పరాయివాళ్ళు కారు. చిన్నప్పుడు చూస్తే మిగిలేది క్లింట్ ఈస్ట్‌వుడ్ నోట్లో చుట్టముక్క, సంగీత దర్శకుడు మోరికోనె ఈలపాట. ఇప్పుడు చూస్తే కథంతా లీ వాన్ క్లీఫ్ వేసిన కల్నల్ మార్టిమర్‌ది. ఇద్దరూ తలకు వెలకట్టిన బందిపోట్లని బహుమానం కోసం వేటాడేవాళ్ళే.

ఎల్ ఇండియో అనే బందిపోటు దగ్గర ఒక జేబు గడియారం ఉంటుంది. మూత తీస్తే పాట వస్తుంది. పాట ఆగగానే తుపాకీ తియ్యమంటాడు ఎదుటివాణ్ణి. మూత లోపల ఒకమ్మాయి ఫొటో. ఆ అమ్మాయి కల్నల్ చెల్లెలు. వాడు చెరుస్తుండగా వాడి తుపాకీతోనే తనను తాను కాల్చుకుంది. సినిమాలో అది ముక్కలు ముక్కలుగా వస్తుంది. పదేళ్ళ వయసులో ఏదో కల అనుకుని దాటిపోతాం. ఇప్పుడు ఆ ముక్కలు వస్తుంటే కూర్చోబుద్ధి కాదు.

ఇంకో ఘట్టం. తనను పట్టించినవాడి పెళ్ళాన్నీ పసిబిడ్డనూ చంపించి, పాడుబడ్డ చర్చిలో వాణ్ణి కూడా ఆ గడియారం పాటకే కాలుస్తాడు ఇండియో. వాడి లెక్కలో అదీ పగ తీర్చుకోవడమే. తీరిందా అంటే, కాల్చిన మరుక్షణం మత్తు సిగరెట్టు లేకపోతే మనిషి నిలవలేడు. అచ్చం అలాంటి గడియారమే కల్నల్ జేబులోనూ ఉంది. కీడు చేసినవాడూ పడ్డవాడూ రోజూ వింటున్నది ఒకే పాట. పామున్న ఇళ్ళు రెండన్నమాట. మరి పద్యంలో పాము శత్రువా, పగా?

ఈ పోస్టు కింద వచ్చిన మాటలు ఇవి:

— మాస్టారూ, శత్రువు కాకపోతే ఉపమానం నిలవదండీ. ఇంట్లో పాము దూరితే కర్ర అందుకుంటాం గానీ వేదాంతం మాట్లాడం. కల్నల్ చేసిందీ అదే. చంపాడు, గడియారం తీసుకున్నాడు, బహుమానం సొమ్ములో చిల్లిగవ్వ ముట్టకుండా గుర్రమెక్కాడు. చిత్తం ఊరడిల్లినట్టే కదా?

— కర్ర మాట వస్తుందనే కాబోలు, అక్కడే ఇంకో పద్యంలో ధర్మరాజు చేత ‘అడంగునే పగం బగ’ అనిపించాడు తిక్కన. పగతో పగ అణుగుతుందా అని.

— మూలశ్లోకం కూడా చూడండి: ‘జాతవైరశ్చ పురుషో దుఃఖం స్వపితి నిత్యదా, అనిర్వృతేన మనసా ససర్ప ఇవ వేశ్మని’. వైరం పుట్టిన మనిషి పామున్న ఇంట్లో ఉన్నట్టు నెమ్మదిలేని మనసుతో ఎప్పుడూ కష్టంగానే నిద్రపోతాడని. కర్త ‘జాతవైరః పురుషః’, వైరం పుట్టిన మనిషి. ఎవరి వైపు మనిషైనా సరే. అంచేత నా ఓటు పోస్టు పెట్టినవారికే. కాకపోతే వ్యాసుడు నిద్ర సంగతి ఎత్తాడు, తిక్కన దాన్ని వదిలేసి చిత్తాన్ని పట్టుకున్నాడు. నాకైతే నిద్రే బాగుంది. పామున్న ఇంట్లో పగలు ఎలాగో గడుస్తుంది. దీపం ఆర్పాకే కదా తంటా.

— ‘తీరు’ గురించి ఎవరూ మాట్లాడరేం? బాకీ తీరుతుంది, దాహం తీరుతుంది, పగా తీరుతుంది. ‘తీర్పు’ కూడా ఆ ఇంటిదే. సినిమా చివర ఈస్ట్‌వుడ్ శవాల్ని బండికెక్కిస్తూ తలకింత అని డాలర్లు కూడతాడు. మొత్తం తక్కువొచ్చేసరికి, ఒకడింకా బతికే వెనకాల ఉన్నాడని తెలుస్తుంది! అతనిది బాకీ. కల్నల్‌ది దాహం అనుకుంటా, దానికి కూడిక ఉండదు.

— అందరూ ధర్మరాజు పక్కనే చేరారు. అదే పర్వంలో ద్రౌపది తన జుట్టు చేత్తో పట్టుకుని కృష్ణుడికి చూపించి, సంధి మాట్లాడేటప్పుడు ఇది మరిచిపోకు అంటుంది. అవమానం పడ్డ మనిషి తన నోటితో తానే చెప్పింది. ఈ సినిమాలో ఆ పిల్లకి పేరైనా పెట్టలేదు. పగని అన్నయ్య పట్టుకుపోయాడు, ఫొటోని దొంగ పట్టుకుపోయాడు. ఆవిడ మాటేది? ‘దీర్ఘవైరం వలవదు’ అనడం ధర్మరాజుకి సులువే. జుట్టు పట్టి ఈడ్చింది ఆయన్ని కాదుగా.

— అక్కా, అందుకే నాకు ఆ చివరి సంభాషణ గట్టిగా తగిలింది. అంతకుముందు ఈస్ట్‌వుడ్ ఆరా తీస్తే కల్నల్ దాటేస్తాడు. చివర్లో ఫొటో చూసి, పోలికలున్నాయే అంటే, అన్నాచెల్లెళ్ళం కదా, ఉండవూ అన్నట్టు ఒక్క ముక్క అంటాడు. ఆవిడ గురించి మాటల్లో మనకి దొరికేది అంతే. తిక్కన ద్రౌపదికి ఇచ్చిన చోటు లియోనె ఇవ్వలేదు. సంగీతానికి ఇచ్చాడు, అది వేరే సంగతి.

— చిన్న సందేహం. ‘ఊఱడిల్లు’లో బండి ఱ అక్కర్లేదేమో, ఇప్పుడెవరూ రాయరుగా?

— పద్యం రాసేటప్పుడు ఉంచండి. ‘ఊఱట’ కూడా బండి ఱ తోనే. మామూలు రాతలో ఊరట చాలు. మన పేపర్లలో అది ఎక్కువగా హైకోర్టులోనే దొరుకుతుంది లెండి.