దేవుడికి పోలికలు చెప్పడం మానేస్తే నష్టమేంటి?

నదీతీరం: మొన్న ఒక ప్రవచనంలో నీళ్ళ కుండలు, సూర్యుడు ఉదాహరణ మళ్ళీ విన్నాను. వంద కుండల్లో వంద సూర్యుళ్ళు కనిపించినా పైనున్నది ఒక్కడే, అందరిలో ఉన్న ఆత్మ కూడా అంతే అన్నారు. నాకు మింగుడు పడలేదు. సూర్యుడికి రూపం ఉంది, నీళ్ళకి దూరంగా ఉన్నాడు, అందుకే ప్రతిబింబం పడుతోంది. రూపం లేనిది, లేని చోటంటూ లేనిది, దేనికి దూరంగా ఉండి దేంట్లో ప్రతిబింబిస్తుంది? దేవుడు మాటలకి అందడని మొదట చెప్పి, ఆ తర్వాత గంటసేపు పోలికలే చెప్తే జనానికి గుర్తుండేది పోలికే, దేవుడు కాదు. ‘నేతి నేతి’ (ఇది కాదు, ఇది కాదు) అని ఊరుకోవడమే నిజాయితీ అంటాను.

తాటాకు: మీ అభ్యంతరం వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లోనే ఉందండీ, మూడో అధ్యాయం రెండో పాదంలో. 18వ సూత్రం ఈ సూర్యుడి పోలిక చెప్తుంది, 19వది అచ్చం మీరన్నట్టే ‘నీళ్ళలాంటిది ఇక్కడేదీ లేదు, కాబట్టి పోలిక కుదరదు’ అంటుంది, 20వది జవాబు. శంకరుల భాష్యం ప్రకారం పోలిక ఒక్క విషయానికే. నీళ్ళు పెరిగితే ప్రతిబింబం పెరిగినట్టు, కదిలితే కదిలినట్టు కనిపిస్తుంది, సూర్యుడికి మాత్రం ఏమీ కాదు. అలాగే శరీరానికి వచ్చే మార్పులు ఆత్మకి అంటవు. అంతవరకే. అన్ని విధాలా సరిపోతే అది పోలికే కాదు, రెండూ ఒకటే అయిపోతాయి అని ఆయనే తేల్చేశారు.

ఇక ‘నేతి నేతి’ అంటున్నారు కదా, బృహదారణ్యక ఉపనిషత్తులో ఆ మాటకి సరిగ్గా ముందు ఏముందో చూడండి. ఆ పురుషుడి రూపం పసుపు అద్దిన బట్టలా, తెల్లటి గొర్రె ఉన్నిలా, ఇంద్రగోపంలా, అగ్నిజ్వాలలా, తెల్లతామరలా, ఒక్కసారిగా మెరిసిన మెరుపులా ఉంటుందని ఉంది. ఇంద్రగోపమంటే తొలకరికి మన చేలల్లో తిరిగే ఎర్రటి ఆరుద్ర పురుగు. ఇన్ని పోలికలు చెప్పాకే ‘ఇది కాదు, ఇది కాదు’ అన్నారు. ముందు ఏదో ఒకటి చెప్పకపోతే కాదనడానికేముంటుంది?

నదీతీరం: తాటాకు గారూ, ఆ ఆరు పోలికలూ బ్రహ్మానికి కావు. మనసులో పడ్డ వాసనల (అంటే పాత అనుభవాల ముద్రల) రంగులవి అని శంకరులే అక్కడ రాశారు. బ్రహ్మం దగ్గరికి వచ్చేసరికి మిగిలింది ‘నేతి’ ఒక్కటే. ఇది నా మాటకే బలం కదా.

తిరునామం: ఇద్దరూ అద్వైతంలోనే తిరుగుతున్నారు. రామానుజులు జగత్తు దేవుడి శరీరం అన్నప్పుడు అది పోలిక కాదు, ఉన్నమాటే. ముందు శరీరమంటే ఏంటో నిర్వచించారు: చేతనుడు (తెలివి ఉన్నవాడు) దేన్ని తన ప్రయోజనం కోసం పూర్తిగా నియమించి భరిస్తాడో, ఏది పూర్తిగా అతనికే చెంది ఉంటుందో అది శరీరం. ఈ లెక్కన మన ఒంటి కన్నా జగత్తే నిజమైన శరీరం, ఎందుకంటే మన ఒళ్ళు మన మాట పూర్తిగా వినదు, జబ్బు చేస్తే తెలుస్తుంది. కాబట్టి దేవుడి గురించి చెప్పే ప్రతి మాటా పోలికేనని ముందే ఒప్పేసుకుని మొదలుపెట్టకండి. అసలు గొడవంతా అక్కడే వస్తోంది. పైగా ‘ఇది కాదు’ అన్నదానికి దణ్ణం ఎలా పెడతారు?

చార్మినార్ గల్లీ: ఒక్క మాట అన్నా. ఖురాన్ 42వ సూరా (అధ్యాయం) 11వ ఆయతులో (వాక్యంలో) ‘ఆయన్ని పోలినది ఏదీ లేదు’ అని ఉంటుంది, వెంటనే ‘ఆయన అన్నీ వినేవాడు, చూసేవాడు’ అని ఉంటుంది. రెండూ ఒకే ఆయతులో. వినడం అన్నారు కదా అని చెవి ఊహించుకోకూడదు, చెవి లేదు కదా అని వినడనీ అనుకోకూడదు. మా దగ్గర దీని మీద వందల ఏళ్ళు వాదించుకున్నారు.

తాటాకు: నదీతీరం గారూ, వాసనల సంగతి నిజమే, శంకరులు అలాగే రాశారు. కానీ సూర్యుడి పోలిక ఆత్మ గురించే, దాన్ని ఆయన కొట్టెయ్యలేదు, హద్దు గీశారు. ప్రవచనం చెప్పేవాళ్ళు 18 దగ్గర ఆగిపోవడం మీద మీకు కోపం ఉంటే నాకూ ఉంది. 19 కూడా చదివి వినిపించమని అడుగుదాం. పోలికలే వద్దనడానికి మాత్రం నేను ఒప్పుకోను.