చెరువు లెక్కలు రాసుకునే నోట్స్ ఆప్‌లో వరుసలు మాయమవుతున్నాయి, తెలుగులో వెతికితే దొరకట్లేదు

ఉండి నుంచి, రొయ్యల రైతు:

అందరికీ నమస్కారమండీ. మాకు వనామీ రకం రొయ్యల చెరువులున్నాయి. పగలు నేను, రాత్రి మా తమ్ముడు చూసుకుంటాం. మేత ఎంత వేశాం, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, పీహెచ్ ఎంత, తెల్లారగట్ట డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంతకి పడింది, ఏ రోజు ఏ మందు వేశాం, ఇవన్నీ ఫోనులో ఒక నోట్స్ ఆప్‌లో రాసుకుంటున్నాం. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు లెండి. చెరువుకో నోటు పెట్టాం. ఒకే ఖాతా ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. ఇద్దరం అదే నోటు తెరిచి కింద చేర్చుకుంటూ పోతాం.

గట్టు మీద సిగ్నల్ అంతంతమాత్రం. రాత్రి తమ్ముడు రాసినవి పొద్దున నా ఫోనులో చూస్తే ఉండట్లేదు. ఒక్కోసారి నేను రాసినవే పోతున్నాయి. ఇది మొదటి బాధ. రెండోది, నీళ్లలో గాలి కలిపే యంత్రాల కోసం "ఏరేటర్లు" అని వెతికితే ఏమీ లేదంటుంది. ఆ మాట నోటులో కళ్లెదురుగా కనబడుతూనే ఉంటుంది! మూడోది, టెస్ట్ కిట్ రంగులు ఫోటోలు తీసి పెడుతున్నామని ఉచిత పరిమితి అయిపోయిందంటూ డబ్బు కట్టమంటోంది. పోనీ అంతా బయటకి తీసేద్దామంటే పీడీఎఫ్ ఒక్కటే ఇస్తోంది. దాన్నుంచి కాపీ చేస్తే ఒత్తులన్నీ చెల్లాచెదురు.

పట్టుబడి అప్పుడు, అంటే రొయ్యలు పట్టి అమ్మేటప్పుడు, కొనేవాళ్లు యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా అని అడుగుతారు. నోటి మాట చెబితే సరిపోదు, తేదీలతో చూపించాలి. అందుకే ఇంత ఆరాటం. దారి చెప్పండి.

కాకినాడ నుంచి, సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను:

అన్నా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆప్‌ని తీసేయకండి, లాగౌట్ కాకండి, సెట్టింగ్స్‌లో "క్లియర్ డేటా" ముట్టుకోకండి. ఇంకా సింక్ కాని, అంటే నెట్ ద్వారా సర్వరుకి చేరని రాతలు ఆ ఫోనులో మాత్రమే ఉంటాయి, ఈ మూడిట్లో ఏది చేసినా పోవచ్చు.

తమ్ముడి ఫోనులో ఆ వరుసలు ఇంకా కనబడుతుంటే ముందు డేటా, వైఫై రెండూ ఆపండి. తర్వాత నోటు తెరిచి మొత్తం కాపీ చేసి, కొత్త నోటు మొదలుపెట్టి అందులో పేస్ట్ చేయండి. కొత్త నోటుకి పాత కాపీతో పేచీ ఉండదు కాబట్టి నెట్ ఆన్ చేశాక భద్రంగా పైకి వెళ్తుంది. కనబడకపోతే నోటు మెనూలో పాత వెర్షన్లు చూపించే చోటు ఉందేమో చూడండి. చెత్తబుట్ట కూడా చూడండి, కానీ ఆలస్యం చేయొద్దు. గూగుల్ కీప్‌లో అయితే చెత్తబుట్టలో 7 రోజులే ఉంచుతారు.

ఎందుకు పోతున్నాయంటే, నోటు ఒకటే అని మనం అనుకుంటాం గానీ ప్రతి ఫోనులోనూ దాని కాపీ వేరుగా ఉంటుంది. రాత్రి 2 గంటలకి తమ్ముడు సిగ్నల్ లేనిచోట తన కాపీలో రాశారు. పొద్దున 6కి మీరు మీ కాపీలో రాశారు. మీ దాంట్లో ఆయన వరుసలు లేవు. నెట్ తగలగానే రెండూ సర్వరుకి చేరతాయి. వరుస వరుసనీ పోల్చి కలిపే ఆప్‌లు ఉన్నాయి. కొన్ని మాత్రం చివర వచ్చిన కాపీనే అసలుదని తీసుకుని ముందు వచ్చినదాని మీద రాసేస్తాయి. మీకు ఒకసారి ఆయనవి, ఒకసారి మీవి పోతున్నాయంటే ఇదే జరుగుతున్నట్టుంది.

దీనికి ఆప్ మార్చకుండానే మందుంది. ఒక నోటులో ఇద్దరూ రాయడం ఈ పూటే ఆపండి. రోజుకో కొత్త నోటు, అదీ మనిషికి ఒకటి. పేరు ఇలా పెట్టండి: "2025-07-03 రాత్రి", "2025-07-03 పగలు". ఏడాది, నెల, తేదీ ఈ క్రమంలో, నెలకీ తేదీకీ రెండేసి అంకెలు వేస్తే పేర్ల ప్రకారం సర్దినప్పుడు నోట్లు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. లోపల చెరువు నంబరు రాసి దాని కింద వివరాలు. ఒకరు రాసిన నోటు ఇంకొకరు చదవడమే తప్ప ముట్టుకోకూడదు.

ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ ఆప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. ఛార్జింగు మిగల్చడానికి ఆండ్రాయిడ్ చాలాసార్లు వెనకాల జరిగే సింక్‌ని ఆపేస్తుంది. ఇంటికి రాగానే ఆప్ ఒకసారి తెరిచి, సింక్ అయిందో లేదో చూసి పడుకోమనండి తమ్ముడిని.

నరసాపురం నుంచి:

బాబూ, నా సలహా వేరు. గట్టు మీద షెడ్డులో లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు పెట్టుకోండి. తడి చేతులతో, అర్ధరాత్రి, మేత బస్తా పక్కన ఫోను తెరిచి టైపు చేయడం ఎవరికైనా కష్టమే. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లు పుస్తకంలో అయితే రాస్తారు, ఆప్‌లో రాయరు. పెన్సిలు రాత తడిసినా చెదరదు. పైగా సింకూ గింకూ అక్కర్లేదు.

కాకినాడ నుంచి:

బాబాయ్ గారూ, గట్టు మీద పుస్తకం ఉండాలన్న మాటకి నేనూ ఒప్పుకుంటాను. కానీ అదొక్కటే ఉంటే తుఫాను వచ్చి షెడ్డు ఎగిరిన రోజు పంట లెక్కంతా పోతుంది. అదీగాక పోయిన పంటలో ఏ వారం అమ్మోనియా పెరిగిందో వెతకాలంటే పేజీలన్నీ తిప్పాలి. పుస్తకంలో రాయండి, పొద్దున ఆ పేజీ ఫోటో తీసి ఆ రోజు నోటులో పెట్టండి. అంకెలు మాత్రం నోట్స్ ఆప్‌లో కాదు, గూగుల్ షీట్స్ లాంటిదాంట్లో వేయండి. వరుసకో రోజు, గడికో కొలత. మేత మొత్తం కూడటం, పీహెచ్ ఎలా మారుతోందో గీత గీయించుకోవడం షీట్‌లో అయ్యే పనులు. నోట్స్ ఆప్‌లో అంకెలు అంకెల్లా ఉండవు, మాటల్లా ఉంటాయి.

రాజమండ్రి నుంచి, డీటీపీ పని:

వెతుకులాట సంగతి నేను చెప్తానండి, రోజూ ఈ అక్షరాలతోనే నా పని.

"ఏరేటర్లు" అన్న మాటని కొన్ని కీబోర్డులు "ఏరేటర్‌లు" అని వేస్తాయి. రెండో దాంట్లో పొల్లుకీ తర్వాతి అక్షరానికీ మధ్య కంటికి కనబడని గుర్తు ఒకటుంటుంది. ఒత్తు కలవకుండా విడిగా నిలబెట్టడమే దాని పని. మీ తమ్ముడి ఫోనులో ఒక కీబోర్డు, మీ ఫోనులో ఇంకోటి ఉంటే ఒకరు గుర్తుతో, ఒకరు లేకుండా రాస్తున్నట్టే. చదివేవాళ్లకి రెండూ ఒకటే, ఆప్‌కి వేరు వేరు మాటలు. వెతికేటప్పుడు ఆ గుర్తుని పట్టించుకోకుండా చూడాలని తయారు చేసినవాళ్లకి తట్టకపోతే ఇలాగే అవుతుంది. తెలుగు వాడేవాళ్లం ఇంతమందిమి ఉన్నా ఇంత చిన్న విషయం సరిచేయకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. ఆప్‌లో ఫిర్యాదు పంపే చోటు ఉంటుంది, అందులో రెండు మాటలూ పక్కపక్కన రాసి తప్పక పంపండి. తెలుగు మాటతో, స్క్రీన్‌షాట్‌తో పంపితేనే వాళ్లకి అర్థమవుతుంది.

ఈలోగా వెతికేటప్పుడు పొల్లు రాకముందు వరకే టైపు చేయండి. "ఏరేట" అని ఆపేస్తే రెండు రకాలూ దొరుకుతాయి, మాట మధ్యలో ముక్కని కూడా వెతికే ఆప్ అయితే. ఇంకా మంచిది, రోజూ వాడే విషయాలకి పొల్లూ ఒత్తూ లేని మాటలు నాలుగైదు ఖాయం చేసుకుని ఇద్దరూ అవే రాయడం: మేత, నీరు, మందు, చావు, గాలి. "ప్రోబయాటిక్" అని ఒకరు, "ప్రొబయోటిక్" అని ఒకరు రాస్తే ఏ ఆప్ మాత్రం ఏం చేస్తుంది? దాని ముందు "మందు" అని ఒక్క మాట వేస్తే చాలు. కొనేవాళ్లు అడిగిన రోజు "మందు" అని వెతికితే తేదీలతో సహా మొత్తం బయటికొస్తుంది.

పీడీఎఫ్ విషయానికొస్తే, అది అచ్చు వేసుకోవడానికి పనికొచ్చేది. అందులో అక్షరాల బొమ్మలు ఏ చోట కూర్చున్నాయన్నదే ముఖ్యం. తెలుగు ఒత్తులు తిరిగి మాటలుగా కూడవు. బయటికి తీస్తే అక్షరాలు అక్షరాలుగానే ఉండే ఫైలు, అంటే టెక్స్ట్ గానీ, హెచ్‌టీఎంఎల్ గానీ, మార్క్‌డౌన్ గానీ కావాలి.

అంబాజీపేట నుంచి, కొబ్బరి వ్యాపారం:

అన్నయ్య గారూ, మీ తెలుగు చిట్కా మా కొట్లో వెంటనే పనికొచ్చింది. "కొబ్బరి" తీసేసి "కాయ" అని పెట్టుకున్నాం, పాత బేరాలన్నీ దొరుకుతున్నాయి. నాదో అనుమానం. రోజుకి మనిషికో నోటంటే ఏడాదికి వందల నోట్లు అవుతాయి కదా, ఉచిత ఖాతాలో అన్ని పడతాయా?

కాకినాడ నుంచి:

అన్నిట్లో పడవక్కా. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాకి 50 నోట్లు, 1 నోట్‌బుక్ అని హద్దు గీసింది. డబ్బు కట్టినా నిశ్చింత లేదు, ఆప్‌నే ఆపేసే రోజులూ వస్తాయి. విండోస్ 10 కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన వన్‌నోట్ ఆప్‌కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ముగిసింది. అందుకని ఎందులో రాస్తున్నాం అన్నదాని కంటే, రాసింది ఎప్పుడైనా మనంతట మనం తీసుకోగలమా అన్నది ముందు చూడాలి. నా దృష్టిలో పంట లెక్కలకి అదే అసలు పరీక్ష.

ఉండి అన్నకి నేను చెప్పేది జోప్లిన్ అనే నోట్స్ ఆప్. ఉచితం, ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు), నోట్ల సంఖ్యకి హద్దు లేదు. నోట్లు ఫోనులోనే ఉంటాయి కాబట్టి గట్టు మీద నెట్ లేకపోయినా రాయొచ్చు, చదవొచ్చు. సింక్‌కి, నెట్‌లో ఫైళ్లు దాచుకునే మీ సొంత డ్రాప్‌బాక్స్ గానీ వన్‌డ్రైవ్ గానీ ఇవ్వాలి. ఫోటోలు ఎక్కువైతే అక్కడి చోటే నిండుతుంది, కిట్ ఫోటోలు చిన్న సైజులో తీయండి. ఒకే నోటుని ఇద్దరూ మార్చితే మీద రాసేయకుండా, పేచీ పడిన కాపీని "కాన్‌ఫ్లిక్ట్స్" అని వేరే నోట్‌బుక్‌లో పడేస్తుంది. మీ మొదటి బాధకి ఇదే పెద్ద ఊరట. ఒక లోటుంది. ఫోనులో ఆప్ తెరిస్తేనే సింక్ అవుతుందనుకోండి, వెనకాల దానంతట అది అవుతుందని నమ్ముకోవద్దు.

గూగుల్ కీప్‌లో ఉన్నవాళ్లు మన డేటా దింపుకునే చోటైన గూగుల్ టేకౌట్‌కి వెళ్లి కీప్ ఒక్కటే ఎంచుకుంటే నోట్లన్నీ హెచ్‌టీఎంఎల్, జేసన్ ఫైళ్లుగా వస్తాయి. ఏ ఆప్ అయినా సరే, పంట మొదలుపెట్టే ముందే నాలుగు నోట్లు రాసి, బయటికి తీసి, వేరే ఫోనులో తెరిచి చూడండి. తెలుగు తిన్నగా కనబడితేనే ముందుకి వెళ్లండి.

ఉండి నుంచి:

తమ్ముడి ఫోనులో నోటు ఇంకా ఉందండీ! మీరు చెప్పినట్టే నెట్ ఆపి కాపీ చేశాం, వరుసలన్నీ వచ్చాయి. ఇద్దరికీ చెరో నోటు మొదలుపెట్టాం, గట్టు మీద పుస్తకం కూడా పెట్టాం. చాలా సంతోషమండీ. ఇంకొక్కటి. షీట్ నుంచి, గడుల్ని కామాలతో విడదీసి రాసే సాదా సీఎస్‌వీ ఫైలు దింపి మా ఆడిటర్ గారికి పంపితే, ఆయన ఎక్సెల్‌లో తెలుగంతా పిచ్చి గీతల్లా వచ్చిందట. అంకెలు బాగానే ఉన్నాయి.

రాజమండ్రి నుంచి:

ఫైలు పాడవలేదండి. ఎక్సెల్ దాన్ని వేరే అక్షర సంకేత పద్ధతిలో చదువుతోంది, అంతే. ఆడిటర్ గారిని ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేయొద్దనండి. ముందు ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబులో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" నొక్కి ఫైలు చూపించి, ఫైల్ ఒరిజిన్ దగ్గర "65001 యూనికోడ్ యూటీఎఫ్-8" ఎంచుకుంటే తెలుగు సరిగ్గా వస్తుంది. ఆయనకి అదంతా ఇబ్బందైతే షీట్స్‌లో డౌన్‌లోడ్ కొట్టేటప్పుడు సీఎస్‌వీ బదులు ఎక్సెల్ ఫైలుగా దింపి పంపండి.