పాత కరపత్రాల్లో పురుగు: ఐస్‌క్రీం ఫ్రీజర్ సరిపోతుందా?

వలంటీర్లే నడిపే ప్రజా గ్రంథాలయం మాది. 1970ల నాటి సైక్లోస్టైల్ (స్టెన్సిల్‌తో నకళ్ళు తీసిన) కరపత్రాలకు, సంఘాల బులెటిన్లకు పురుగు పట్టింది. కాగితం న్యూస్‌ప్రింటే, ఆమ్లగుణంతో పెళుసెక్కింది. తుప్పు పట్టిన స్టేప్లర్ పిన్నులు రిమూవర్‌తో లాగితే కాగితం చిరుగుతోంది. పిన్ను వెనక వంగిన కాళ్ళ కింద పల్చని ప్లాస్టిక్ షీటు దూర్చి, స్పాచ్యులాతో (పల్చని చదును పనిముట్టు) లేపి తీస్తున్నాం.

పురుగుకు మందు కొట్టకుండా, కట్టలను పాలిథీన్ కవర్లలో గాలి తీసి సీల్ చేసి, -18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచాలనుకుంటున్నాం. బయటికి తీశాక 24 గంటలు కవరు విప్పం, లేదంటే చెమ్మ కాగితం మీదే పడుతుంది.

దుకాణాల్లోని ఐస్‌క్రీం ఫ్రీజర్ అంత చల్లదనం నిలకడగా ఇస్తుందా? రెండంగుళాల కట్ట మధ్యకు చలి చేరుతుందా, విడదీయాలా? చిరుగులకు అతికించే జపనీస్ టిష్యూ (పల్చగా ఉన్నా గట్టి కాగితం) హైదరాబాద్‌లో చిల్లరగా ఎక్కడ దొరుకుతుంది?

లామినేషన్, సెల్లోటేప్ మాత్రం చెప్పకండి. మళ్ళీ ఊడదీయలేం.