360 వోల్టుల సోలార్ లైన్ కొలవడానికి రెసిస్టర్లు సరిపోతాయా, ఐసొలేషన్ తప్పదా?

మామిడితోట_చిత్తూరు:
బంగారుపాళ్యం దగ్గర మా తోటలో సోలార్ మోటారు ఉంది. 8 ప్యానెళ్లు సిరీస్‌లో. మోటారు ఆగి ఉన్నప్పుడు 360 వోల్టుల దాకా చూపిస్తుంది. ఆర్డుయినో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో రోజంతా వోల్టేజీ రాసిపెట్టుకోవాలి. దాని పిన్ను 5 వోల్టులే తట్టుకుంటుంది. రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించే డివైడర్ చాలని ఒకరు, ఐసొలేషన్ (రెండు వైపులకూ తీగ సంబంధం లేకుండా విడదీయడం) లేకుండా దాని జోలికే పోవద్దని ఇంకొకరు. ఏం చేసేదన్నా?

రేణిగుంట_సర్క్యూట్:
డివైడర్ చాలు తమ్ముడూ. పైన 220 కిలో ఓములవి నాలుగు వరసగా, కింద 10 కిలో ఓములది ఒకటి. వోల్టేజీ 89వ వంతుకు దిగుతుంది; 400 వోల్టులు వచ్చినా పిన్ను దగ్గర 4.5 మించదు. పైన ఒక్కటే పెద్దది పెట్టొద్దు. మామూలు పావు వాట్ రెసిస్టర్‌కు సాధారణంగా 250 వోల్టులే హద్దు. నాలుగైతే తలా 100 పంచుకుంటాయి. కింద 10 కిలో అన్నదీ లెక్కతోనే, అంతకంటే పెద్దదైతే యూనోలో వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ రీడింగు తప్పొచ్చు. పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. రీడింగులో ఒక్కో మెట్టు 0.43 వోల్టు, తోటకు అది ధారాళం. కింది రెసిస్టర్ ఊడిపోయినా లోపలికొచ్చేది అర మిల్లీ ఆంపియర్ కూడా కాదు, చిప్పు బతుకుతుంది.

వర్క్‌షాప్_తిరుపతి:
లెక్క బాగుందన్నా. నా భయం చిప్పు గురించి కాదు, ముట్టుకునే మనిషి గురించి. డివైడర్ పెట్టగానే ఆర్డుయినో గ్రౌండూ ప్యానెల్ నెగటివూ ఒకటైపోతాయి. ఆ నెగటివ్ ఎర్త్ కాదు కదా! ట్రాన్స్‌ఫార్మర్ లేని పంపు కంట్రోలర్ నడుస్తుంటే ఎర్త్‌కూ దానికీ మధ్య ప్రాణం తీసేంత వోల్టేజీ ఉండొచ్చు. యూఎస్‌బీ వైరు తగిలిస్తే అది ల్యాప్‌టాప్ ఒంటికొస్తుంది. అట్లా కాలిన ల్యాప్‌టాప్ ఒకటి నా బల్ల మీదికే వచ్చింది. ఏఎంసీ1311 లాంటి ఐసొలేషన్ ఆంప్లిఫయర్ పెట్టించండి.

రేణిగుంట_సర్క్యూట్:
యూఎస్‌బీ మాట నిజం, నేనే ముందు రాయాల్సింది. కానీ ఆ ఏఎంసీ1311 చిప్పుకు ప్యానెల్ వైపు విడిగా సప్లై కావాలి, కాళ్లు చిన్నవి, కొత్తవాళ్లకు టంకం కష్టం. కొలిచే చోట డివైడరే ఉంచి, డేటా బయటికొచ్చే చోట తీగ కలపకుండా వెలుతురుతో సంకేతం దాటించే పీసీ817 ఆప్టోకప్లర్ పెడితే సరిపోదా?

వర్క్‌షాప్_తిరుపతి:
బోర్డుకిచ్చే సప్లై కూడా వేరుపడి ఉంటే ఒప్పుకుంటా. పెట్టె ప్లాస్టిక్‌దే కావాలి. తీగ మొదట్లోనే డీసీ ఫ్యూజు ఉండాలి, ఏసీ ఫ్యూజు పనికిరాదు. డీసీలో లేచిన నిప్పు తొందరగా ఆరదు.

మామిడితోట_చిత్తూరు:
అయితే వైరే బయటికి తీయను. బోర్డు బ్యాటరీ మీద నడిపి ఎస్‌డీ కార్డులో రాయిస్తా. పొద్దు గూకినాక స్విచ్చు ఆపి, మీటరుతో చూసుకుని కార్డు తీస్తా. ఆ డీసీ ఫ్యూజు తిరుపతిలో ఎక్కడ దొరుకుతుందో చెప్పండన్నా.